చిత్రిక పట్టిన బొమ్మ

పలకను తలకిందులుగా తగిలించిన సంగతి వకుళకు తెలుసు. తెలిసే తగిలించింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకొకడు ఉన్నాడన్నది మాత్రం మరిచిపోయింది.

ఆ మనిషి పొద్దున తొమ్మిదిన్నరకు తిరుచానూరు రోడ్డులోని కల్యాణమండపం మెట్లెక్కి వచ్చాడు. పైహాలు గుమ్మం బయట చెప్పులు విడిచాడు. భుజాన పనిముట్ల సంచీ. హాలంతా పద్నాలుగు బొమ్మలు ఉంటే పదమూడింటిని కన్నెత్తి చూడకుండా నేరుగా వచ్చి పెద్ద పలక ముందు నిలబడ్డాడు. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, మూడు పనస చెక్కలు అతికించిన పలక. చెక్క కనపడకుండా రంగులు, రంగుల మధ్య ఎర్రటి గీతలు, నల్లటి గీతలు.

"మొదలు పైకి పెట్టినావే," అన్నాడు. దండం లేదు, బాగుండావా లేదు.

వకుళ స్టూలు మీద నిలబడి ఆఖరి బొమ్మకు మేకు కొడుతోంది. దిగలేదు. "నిన్నెవురు రమ్మన్నారు మేస్త్రీ?"

"బోండాల అంగిడోడు." చొక్కా జేబులోంచి నూనె మరకల కాగితం ఒకటి తీశాడు గోవిందస్వామి. పేపర్లో జిల్లా పేజీ. అందులో వకుళ, ఆమె వెనక పలక. "సూళ్లూరుపేటలో దీంట్లో సుట్టిచ్చినాడు. బోండా తిని మూతి తుడుసుకుంటా ఉంటే నా పలక కనబడె."

"నీ పలకా?"

"పలక నీదేలే. సెక్క కొనింది నువ్వు. గీతలెవురియి?"

హాలు ఊడుస్తున్న ఆదిలక్ష్మమ్మ చీపురు ఆపేసింది. చీపురు చప్పుడులో జగడం సరిగా వినపడదు.

వకుళది కట్టడాల చదువు. నాయన శఠగోపం గుడి ఆఫీసులో గుమాస్తా. తెల్లారి పాశురాలు, పదింటికి ఫైళ్లు. ఆ ఇంటినుంచి వచ్చిన పిల్ల ఇళ్లకు ప్లాన్లు గీస్తానంటే ఊరు నవ్వలేదు గానీ, నమ్మనూ లేదు. దయానంద్ అనే ఆర్కిటెక్టు దగ్గర పదకొండేళ్లు పనిచేసింది. తిరుపతిలో ఇళ్లు కట్టేవాళ్లకన్నా లాడ్జీలు కట్టేవాళ్లు ఎక్కువ. ఉన్న జాగాలో ఎన్ని గదులు ఇరికించగలిగితే అంత గొప్ప ఆర్కిటెక్టు. వకుళ ఒక లాడ్జీకి నడుమ ఖాళీ వదిలి, చుట్టూ అరుగులు గీసింది. కొండ దిగి వచ్చినవాళ్లు కాళ్లు చాపుకుంటారని. దయానంద్ ఆ ఖాళీలో పన్నెండు గదులు వేసి, మిగిలినదంతా ఆమె గీసినట్టే ఉంచి, కింద తన పేరు పెట్టుకున్నాడు. ఆమె గీసిన అన్నింటి కిందా అతని పేరే. ఆ రోజు ఇదేమిటని అడిగింది.

"గీసేవాళ్లు గీస్తారమ్మా. ముద్ర యాడుంటే పేరు ఆడుంటాది," అన్నాడతను. "అయినా ఆడబిడ్డవు, ఇల్లు సర్దుకుంటే చాలదా, కట్టను కూడా కావాల్నా?"

ఆమె మరునాటినుంచి ఆ ఆఫీసుకు పోలేదు. మనిషి మంచిదని కాదు. ఒకరి కింద ఒదిగి ఉండే గుణం ఆమెకు లేదు. ఎవరినైనా తన కింద ఒదిగించుకునే గుణం మాత్రం ఉంది.

తర్వాత కుర్చీలు. బంగారుపాళ్యంలో మూతపడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌను ఒకటి బాడుగకు తీసుకుంది. ఎండాకాలం వస్తే దాని గోడలు పులిసిన కంపు కొట్టేవి. చుట్టుపక్కల ముసలి తోటలు నరికేస్తున్నారు, చెక్క చవక. మామిడి చెక్కతో పెట్టెలు చేస్తారు, పొయ్యిలో పెడతారు. ఆమె దాంతో కుర్చీలు, మంచాలు, తలుపులు చేయిస్తానంది. చేయడానికి గోవిందస్వామిని పెట్టుకుంది. పలమనేరు నుంచి చిత్తూరు దాకా వాకిళ్లు నిలబెట్టిన చేయి. చదువు ఊరి బడిలో నాలుగో తరగతి దాకా.

మొదటి రోజే తగాదా. మానుకు వేరున్న వైపు మొదలు, చిగురున్న వైపు కొన. కోసి చెక్క చేసినా ఆ వైపులు పోవు. వాకిలి కాలైనా, మంచపుకోడైనా మొదలు నేలకే ఉండాలి. ఈ జిల్లాలో ఏ వడ్రంగినడిగినా ఈ మాట చెప్తాడు. ఎందుకని అడిగితే కోప్పడతాడు. వకుళ ఎందుకని అడిగింది.

"నువ్వు తలకాయ మీద నడుస్తావా?" అన్నాడు గోవిందస్వామి.

"నేను మనిషిని. ఇది కుర్చీ."

"కుర్సీ కాకముందు మాను. మానుగా ఉన్నప్పుడు నిలబడిండేదాన్ని తలకిందులు సేస్తే ఆ ఇంట్లో నిద్ర పట్టదు."

ఆరేళ్లు అట్లాగే గడిచింది. ఆమె కాగితం మీద చిన్న కొలతల్లో గీసిచ్చేది. అతను ఆ కాగితాన్ని ఒకసారి చూసి, పక్కన పెట్టి, పనస పలక మీద అసలు కొలతకు మళ్లీ గీసుకునేవాడు. కావిలో ముంచిన దారం లాగి వదిలితే ఎర్రటి గీత పడేది. ఒంపులకు పెన్సిలు. పలక అడుగున నేలగీత ఒకటి. అన్నీ దాని మీదే నిలబడాలి. ఒక పని అయిపోతే పలకను చిత్రిక పట్టి, పాత గీతలు చెక్కేసి, కొత్తవి గీయడం వడ్రంగుల పద్ధతి. ఇతను చెక్కలేదు. పాత కొలతలు అక్కరకొస్తాయని ఒకదాని మీద ఒకటి గీస్తూ పోయాడు. కుర్చీ మీద మంచం, మంచం మీద తలుపు, తలుపులో మళ్లీ కుర్చీ. ఏ గీత దేనిదో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

మామిడి చెక్కను ఒక వానాకాలం నీళ్లలో నానేసి, ఒక ఎండాకాలం నీడన ఆరేయమని అతను చెప్పాడు. మొదట్లో ఆగిన వకుళ, అడిగేవాళ్లు ఎక్కువయ్యాక ఆగలేదు. రెండేళ్లలో చిత్తూరులో డాక్టర్ల ఇళ్లలో, లాయర్ల ఇళ్లలో ఆమె కుర్చీల కింద తెల్లటి పిండి రాలింది. పుచ్చు. జనం కుర్చీలు ఆటోల్లో తెచ్చి గోడౌను ముందు పడేసి పోయారు. వాళ్లకు వకుళ ఒకే సమాధానం చెప్పింది: "మేస్త్రీ చెక్క సరిగా ఆరేయలేదు." గోవిందస్వామి పక్కనే నిలబడి ఉండగా చెప్పింది. అతను సంచీ సర్దుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత సూళ్లూరుపేట అవతల ఫ్యాక్టరీలకు పెట్టెలు కొట్టే షెడ్డులో చేరాడని విన్నది. వాకిళ్లు నిలబెట్టినవాడు పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. విని ఊరుకుంది.

గోడౌన్లో ఆమె, పుచ్చు కుర్చీలు, పలక మిగిలాయి. ఒక వానకు బయటికి పోలేక, మిగిలిన రంగు డబ్బా తెరిచి, పలక మీద ఒక కుర్చీ కాలి గీతకూ తలుపు గీతకూ మధ్యనున్న సందులో రంగు పూసింది. ఇంకో సందులో ఇంకో రంగు. నెల రోజులు పూసింది. అడుగు భాగానికి వంగలేక పలకను తలకిందులు చేసింది. అప్పుడు చూసింది: కుర్చీలు మాయమయ్యాయి. మంచాలు లేవు. నేలగీత ఆకాశంలోకి పోయింది. దానికింద ఏదో వేలాడుతూ, పడిపోతూ, పడకుండా ఉంది. ఆ చూపు ఆమెదే. ఆ రంగులూ ఆమెవే. అంతవరకు ఆమెకు దక్కాల్సింది దక్కాలి.

ఆ తర్వాత మూడేళ్లలో సొంతంగా పదమూడు బొమ్మలు వేసింది. నాయన ఒకసారి వచ్చి చూశాడు. "నామం పెట్టని బొమ్మ ఈ ఊళ్లో ఎవుడు కొంటాడే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

పది రోజుల కిందట గ్రేసీ వచ్చింది. పుట్టింది సూళ్లూరుపేట, చెన్నైలో బొమ్మల గ్యాలరీ నడుపుతుంది. పదమూడు బొమ్మల ముందు నిమిషం, పలక ముందు అరగంట నిలబడింది. "అవన్నీ ఎవరేమంటారో అని జడుసుకుంటూ వేసినట్టున్నాయి. ఇదొక్కటే ఎవరికీ జడవలేదు," అంది. పలక ఇస్తే చెన్నైలో పెద్ద ప్రదర్శనలో పెడతానంది. పలక ఉంటేనే మిగతావి కూడా. లేకపోతే ఏవీ వద్దు. ఒక్క కాగితం మీద సంతకం కావాలి: ఇది ఆసాంతం నా చేతిపని అని.

"మీదే కదా?" అని అడిగింది.

"నాదే," అంది వకుళ. నలభై నాలుగేళ్లకు మొదటిసారి ఒకరు ఆమె పేరు అడిగి మరీ పెడతామన్నారు. తిరుపతిలో ఒక్క రోజు ప్రదర్శన, సాయంత్రం ఐదింటికి. ఆ పొద్దునే గ్రేసీ వచ్చి సంతకం తీసుకుంటుంది.

ఆ పొద్దు ఇదే. స్టూలు మీద వకుళ, కింద గోవిందస్వామి.

"గీతలెవురియని అడగతా ఉండా," అన్నాడు మళ్లీ.

"కుర్చీలు నేను గీసిచ్చినవి. నువ్వు పెద్దవి చేసినావు, అంతే. జెరాక్సు మిషను కూడా అదే చేస్తాది."

"ఓహో. మిషనునా నేను." తల ఊపాడు. "సరేలే. మిషను సొంతం అడగదు. నాకు నీ పేరొద్దు, నీ పేపరూ వద్దు. దాన్ని తిప్పి పెట్టు, పోతా."

"తిప్పను."

"మొదలు పైకుండాది. ఆ మాను ఏం పాపం సేసె నీకు?"

"ఇది వాకిలి కాదు మేస్త్రీ, బొమ్మ. బొమ్మకు కింద పైన నేను చెప్పిందే."

"అయితే కుర్సీలు తలకిందులు యాలాడతా ఉంటే సూసేవోళ్లు నవ్వరా?"

"వాళ్లకు కుర్చీలు కనపడవు."

అన్నాక నాలుక కరుచుకుంది. గోవిందస్వామి పలకను వదిలి ఆమె వైపు తిరిగాడు.

"అదా సంగతి," అన్నాడు. "నేను తెలీక సేసినావనుకుంటి. తెలిసే సేసినావా? దొంగిలించిన గొడ్డుకు కొమ్ములు కోసినట్టు."

"నోరు అదుపులో పెట్టుకో."

"అదుపులోనే ఉండాది. ఆ పొద్దు నీ కుర్సీలు పుచ్చిపోతే ఊరందరి ముందర నా మీద పెడితివి. అప్పుడూ అదుపులోనే ఉండె."

మెట్ల మీద బూట్ల చప్పుడు. గ్రేసీ. చేతిలో ఫైలు, మొహాన చెమట. "రైలు గంట లేటు," అంటూ వచ్చి, ఇద్దరినీ చూసి ఆగింది. "ఎవరు?"

"తగిలించే మనిషి," అంది వకుళ.

"అవునమ్మా," అన్నాడు గోవిందస్వామి. "సరిగ్గా తగిలిద్దామని వచ్చినా. ఈమె పెట్టనియ్యడం లేదు."

"సరిగ్గా అంటే?"

"కింద ఉండాల్సింది పైనుండాది."

గ్రేసీ పలకను చూసింది. వకుళను చూసింది. బొమ్మలమ్మే మనిషికి మొహాలు చదవడం కూడా వచ్చు. "తిప్పి చూద్దాం," అంది.

"అవసరం లేదు."

"తిప్పితే ఏం పోతుంది వకుళగారూ? నచ్చకపోతే మళ్లీ తిప్పుదాం."

వద్దనడానికి కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణం వకుళ దగ్గర ఒక్కటి కూడా లేదు. గోవిందస్వామి అప్పటికే పలక ఒక పక్క పట్టుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ పిలవకుండానే వచ్చి రెండో పక్క పట్టింది. పలకను దించి, తిప్పి, గోడకు ఆనించారు. ముందుగా మాట్లాడింది ఆదిలక్ష్మమ్మే.

"ఓయమ్మా, కుర్సీలు! ఇదో తలుపు. ఇదో మంచపుకోడు. నేనేమో నాలుగు దినాలుగా దీన్ని సూసి గబ్బిలాలనుకుంటి."

గ్రేసీ నవ్వలేదు. దగ్గరికి పోయి, ఒక ఎర్రటి గీత వెంబడి వేలు నడిపింది. ఆ వేలు నేలగీత దాకా వచ్చి ఆగింది. "గీతలు ఈయనవి," అంది. అడగలేదు.

"రూపాలు నావి," అంది వకుళ. "ప్రతి కుర్చీ నేను కాగితం మీద గీసిందే. కొలతలతో సహా. ఈయన పలక మీదికి దించినాడు. మేస్త్రీ గోడ కట్టినాడని ఇల్లు మేస్త్రీది అవుతాదా?"

ఆ మాటకు బలం ఉంది. గ్రేసీ ఆలోచనలో పడింది కూడా. గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు.

"సెప్పకూడదనుకుంటి," అన్నాడు. "నీ కుర్సీ ఒక్కటన్నా నీ కాయితంలో ఉండేటట్టు సెయ్యలేదమ్మా నేను."

"ఏందీ?"

"నీ కాయితంలో కూర్సునే పలక పదహారంగుళాల ఎత్తు. ఆడ ముసిలోళ్లు కూర్సుంటే లేవలేరు. పద్దెనిమిది పెట్టినా. నీ వీపు పలక నిలువుగా ఉండె, ఎనక్కి వాల్సినా. నీ మంచపుకోళ్లు సన్నం, లావు సేసినా. నువ్వు ఆరేండ్లు దాంట్లో కూర్సుని 'నా కుర్సీ ఎంత బాగుండాదో' అంటా ఉంటివి."

"అబద్ధం."

"నీ జోబీలో టేపు ఉండాది కదా."

ఉంది. పదకొండేళ్ల అలవాటు, టేపు లేకుండా ఆమె ఇల్లు కదలదు. మోకాళ్ల మీద కూర్చుని నేలగీత నుంచి కొలిచింది. పద్దెనిమిది. ఇంకో కుర్చీ వెతికి కొలిచింది. పద్దెనిమిది. మూడోది. మంచపుకోడు. తలుపు అడ్డబద్ద. తను గీసిన ప్రతి కొలతా ఆమెకు నోటికి వచ్చు. ఒక్కటీ పలక మీద లేదు. ప్రతి చోటా రెండంగుళాలో అంగుళమో అటో ఇటో, ప్రతి చోటా తనకన్నా సరిగ్గా. ఆదిలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టేపు చుట్టుకుని లోపలికి పోతూ చేతిని కోసింది. వకుళ లేచి నిలబడింది.

గ్రేసీ వ్యాపారం తెలిసిన మనిషి. "ఏం పర్లేదు," అంది గబగబా. "ఇంకా బాగుంది. ఇట్లా నిలబెట్టే పెడదాం. రెండు పేర్లు వేద్దాం. మీ ఇద్దరి పేర్లూ. కాగితం మారుస్తా."

"నా పేరొద్దు తల్లీ," అన్నాడు గోవిందస్వామి. "బొమ్మల కింద పేరుంటే మా ఊళ్లో పగలబడి నవ్వుతారు. నిలబెట్టినారు, సాలు. పోతా."

"ఆగు," అంది వకుళ. "సంచీలో చిత్రిక ఉందా?"

"అది లేకుండా యాడికీ పోను."

"తియ్యి."

"యాలకు?"

"నీ గీత ఒక్కటి కూడా నా గోడ మీద వద్దు."

"మీకేమన్నా పిచ్చా?" గ్రేసీ అడ్డం వచ్చింది. "రెండు పేర్లంటే మీకు నామోషీనా?"

"పదకొండేండ్లు నా గీతల కింద ఇంకొకడి పేరు చూసినా. ఇంకో ఆరేండ్లు ఇంకొకడి కొలతల్లో కూర్చున్నానంట. ఇప్పుడు సగం పేరంట. నాకు సగం వద్దు." గోవిందస్వామి వైపు చేయి చాచింది. "తియ్యి మేస్త్రీ."

దీన్ని నిజాయితీ అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఆ చేతికి అంత మంచితనం లేదు. తనది కానిదాన్ని ఇంకొకరిదిగా కూడా ఉండనివ్వనితనం అది.

అతను తీశాడు. బొటనవేలితో బ్లేడు చూసుకుని ఇవ్వనా మానాలా అని చూస్తుండగానే ఆమె లాక్కుంది. పలకను గోడ మీంచి లాగి నేల మీద పడుకోబెట్టి, చిత్రిక ఆనించి తోసింది. చిత్రిక గోకింది, ఎగిరింది, పసుపుపచ్చటి చీలిక ఒకటి లేచింది.

"నారకు ఎదురు తోస్తా ఉండావు," అన్నాడు. ఆమె మళ్లీ తోసింది. మళ్లీ చీలిక. అతను చూడలేకపోయాడు. బొమ్మ పాడవుతుందని కాదు. పనస చెక్క పాడవుతుందని. "ఈడియ్యి. నా బ్లేడు నాశనం సేస్తావు. నీకు ఇదీ రాదు."

మొదల్నించి కొనకు తోశాడు. రంగు పొర చుట్టలు చుట్టుకుని లేచింది. నీలం, కావి, ఆకుపచ్చ, దాని వెనక పెన్సిలు నలుపు. అరవై దాటిన చేయి. పెట్టెలకు మేకులు కొట్టి వంకరపోయిన మణికట్టు. అయినా చప్పుడు మాత్రం ఒకే తీరుగా వచ్చింది.

గ్రేసీ రెండో చుట్ట లేచేదాకా నిలబడింది. తర్వాత కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. "ఈ పదమూడింటికోసం నేను చెన్నై నుంచి బండి పంపలేను," అంది.

"పంపొద్దు."

"మళ్లీ పిలవను వకుళగారూ."

"పిలవొద్దు."

బూట్లు మెట్లు దిగిపోయాయి. వకుళ ఆ చప్పుడు ఆఖరి మెట్టు దాకా విన్నది. కళ్లల్లో నీళ్లు రాలేదు. వస్తే తుడిచేంత దగ్గరివాళ్లు ఆ హాల్లో లేరు కూడా.

మధ్యాహ్నానికి పలక పసుపుపచ్చగా బయటపడింది. మూడు చెక్కల అతుకులు తప్ప దాని మీద ఒక్క గీత లేదు. గోవిందస్వామి చెమటకు తడిసిన చొక్కా పిండుకుని, చుట్టల్ని రెండు చేతులా ఎత్తి సంచీలోకి కూరడం మొదలుపెట్టాడు. ఆదిలక్ష్మమ్మ చీపురు తెచ్చింది.

"నువ్వుండు," అన్నాడు. "నా గీతలు నేను తీసకపోతా."

"నా రంగు కూడా పోతా ఉండాది దాంతో," అంది వకుళ.

"పొయ్యికాడ దులుపుకుంటాలే."

ఆమె మేకులు పెట్టుకున్న డబ్బాలోంచి పెన్సిలు ఒకటి తీసింది. పలక మీద మోకాళ్లూనింది. స్కేలు తీయలేదు, దారం అడగలేదు. ఆ కొసన మొదలుపెట్టి ఈ కొస దాకా ఒక గీత గీసింది. ఒక అతుకు దగ్గర పెన్సిలు తట్టుకుంది. గీత కిందికి జారి, మళ్లీ ఎక్కింది.

గోవిందస్వామి సంచీ భుజాన వేసుకుని ఆగాడు. మెడ వంచి చూశాడు.

"వంకర," అన్నాడు.

"సూళ్లూరుపేట బస్సు పోతాది. పో."

అతను గుమ్మం బయట చెప్పులు తొడుక్కుని పోయాడు. ఆమె తల ఎత్తలేదు. ఐదింటికి జనం వస్తారు, పదిమందో పదిహేనుమందో. వాళ్లను కూర్చోబెట్టడానికి కుర్చీలు వేయనా అని ఆదిలక్ష్మమ్మ అడిగింది. వద్దంది వకుళ. మొదటి గీత పక్కన రెండోది గీసింది. అదీ వంకరే.